షార్న్ నీడల్లో: ఫాంటసీ క్యాంపెయిన్‌లో నోయర్ కుట్రకథ నడిపే పద్ధతి

టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలు పోషించే రోల్‌ప్లేయింగ్ ఆటలో కుట్రకథ చల్లారిపోయిందంటే చాలాసార్లు కారణం డంజన్ మాస్టర్ (కథ నడిపేవాడు, పొట్టిగా డీఎం) పిసినారితనమే. హంతకుడెవరో ముందే తెలిసిపోతుందేమోనని ప్రతి క్లూనూ ఒక తాళం వెనక, ప్రతి తాళాన్నీ ఒక డైస్ రోల్ వెనక దాచేస్తారు. మూడు గంటలయ్యేసరికి ఆటగాళ్ల చేతిలో నాలుగు పేర్లూ, ఎక్కడిదో తెలియని తాళంచెవీ మిగులుతాయి. ఇక దారి కనబడక ఎదురుపడ్డ మొదటి అనుమానితుడి మీద కత్తి దూస్తారు. నోయర్ కథలో, అంటే మంచీచెడూ కలగలిసిపోయిన చీకటి నేరకథలో, హంతకుడెవరన్నది సగం దారిలోనే తెలిసిపోయినా నష్టం లేదు. తెలిశాక ఏం చేయాలో తేలకపోవడమే ఆ కథకు బలం. అందుకే ఈ మార్గదర్శి అంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: సమాచారం ధారాళంగా ఇవ్వండి, దాన్ని వాడుకోవడానికి అయ్యే ఖర్చు పెంచండి.

ఉదాహరణలకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ 2014 నిబంధనలనూ, ఆ ఆట కోసం తయారైన ఎబెరాన్ అనే కల్పిత లోకాన్నీ తీసుకున్నాం. సొంత లోకంలో ఆడేవాళ్లు పేర్లు మార్చుకుంటే చాలు.

ఎబెరాన్ ఎందుకు

నోయర్‌కి రాజకోట కన్నా ఇరుకు వీధి ముఖ్యం. లంచం తినే పోలీసు, పొద్దున్నే వచ్చే పత్రిక, కాగితాలు అడిగే గుమస్తా, యుద్ధం నుంచి తిరిగొచ్చి పని దొరకని సిపాయి కావాలి. ఎబెరాన్‌లో ఇవన్నీ పునాదిలోనే ఉన్నాయి. ఆ ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2002లో కొత్త లోకం కోసం పెట్టిన పోటీలో కీత్ బేకర్ ప్రతిపాదన నెగ్గింది. 2004లో అది పుస్తకమైంది, 2019లో ఐదో ఎడిషన్ రూపం వచ్చింది.

కథకు కావలసిన చరిత్ర కొద్దిగానే ఉంది. ఖోర్వేర్ ఖండంలో ఐదు రాజ్యాలు వందేళ్లు దాటి యుద్ధం చేశాయి. ఆ లోకపు లెక్కలో 994లో సైర్ రాజ్యం ఒక్క రోజులో నాశనమై, బూడిదరంగు పొగమంచు కమ్మిన మోర్న్‌ల్యాండ్ అయింది. ఎందుకలా అయిందో ప్రచురణకర్తలు కావాలనే చెప్పలేదు, ఆ జవాబు ప్రతి డీఎం చేతికే వదిలేశారు. భయపడిన మిగతా రాజ్యాలు 996లో థ్రోన్‌హోల్డ్ సంధి చేసుకున్నాయి. ఆట మామూలుగా 998లో మొదలవుతుంది. అంటే యుద్ధం ముగిసి రెండేళ్లే. టీకొట్టు దగ్గర పక్కన నిలబడ్డవాడు నిన్నటి శత్రువు.

బ్రెలాండ్ రాజ్యంలోని షార్న్ ఖోర్వేర్‌లో అన్నిటికంటే పెద్ద నగరం. గోపురాలు ఒకదానిమీద ఒకటి మైలు ఎత్తున లేచి ఉంటాయి. డబ్బున్నవాళ్లు పైన, లేనివాళ్లు కింద, వాళ్లకీ కింద కొలిమి మంటల మధ్య కాగ్స్. వర్గభేదాన్ని మీరు వర్ణించక్కర్లేదు. ఏ అంతస్తులో ఉన్నారో చెబితే చాలు.

నోయర్‌కి తోడు పల్ప్ కూడా కావాలి. పల్ప్ అన్న మాట చవకరకం గుజ్జు కాగితం మీద అచ్చయిన అమెరికన్ కథల పత్రికల నుంచి వచ్చింది. మనకది కొత్తేం కాదు. బస్టాండు బుక్‌స్టాల్లో కొని, ఊరు చేరేలోపు చదివి పక్కన పెట్టిన పాకెట్ సైజు డిటెక్టివ్ నవల వేగమే పల్ప్ వేగం. ప్రతి ప్రకరణం చివరా ఎవరో తలుపు తన్నాలి. నోయర్ మనస్సాక్షిని మెలిపెడితే పల్ప్ కాళ్లను పరిగెత్తిస్తుంది. ఒక్క నోయర్‌తోనే నడిపితే మూడో సెషన్‌కి అందరూ దిగాలుపడతారు. ఒక్క పల్ప్‌తోనే నడిపితే ఎవరు చచ్చినా ఎవరికీ పట్టదు.

మొదటి అడుగు: ఆటకు ముందు ఇరవై నిమిషాలు

మొదటి సెషన్‌కి ముందే మూడు విషయాలు నోరు తెరిచి మాట్లాడుకోవాలి.

ఒకటి, పార్టీలో (ఆటగాళ్ల పాత్రల జట్టులో) ద్రోహం ఉండదు. నగరం మోసం చేస్తుంది, యజమాని మోసం చేస్తాడు, పాత స్నేహితురాలు మోసం చేస్తుంది. పక్క కుర్చీలో కూర్చున్న ఆటగాడు మాత్రం చేయడు. ఈ హామీ లేకపోతే క్లూలు చేతులు మారవు. ఎవరికి దొరికింది వాళ్లే దాచుకుంటారు, కేసు అక్కడే ఆగిపోతుంది. రెండు, చిత్రహింస. నోరు విప్పని సాక్షి దొరికితే ఆటగాళ్లు అటువైపు మొగ్గడం మామూలే. టేబుల్ మీద అది అక్కర్లేదనుకుంటే ముందే చెప్పేయండి. ఉండవచ్చనుకుంటే తెర వెనకే ఉంచి, అలా రాబట్టిన మాట నమ్మదగ్గది కాదని కూడా ముందే చెప్పండి. మూడు, గెలుపంటే ఏమిటి? నోయర్‌లో హంతకుడు జైలుకి వెళ్లకపోవచ్చు. ఆ సంగతి తెలియకుండా వచ్చిన ఆటగాడు చివర్లో మోసపోయానని అనుకుంటాడు.

తర్వాత ప్రతి ఆటగాడినీ మూడు ప్రశ్నలకు ఒక్కో వాక్యంలో జవాబు అడగండి. నీ పాత్ర ఎవరికి బాకీ? నీకు బాకీ ఉన్నదెవరు? యుద్ధంలో నువ్వు చేసిన ఏ పని గురించి మాట్లాడవు? నలుగురు ఆటగాళ్లుంటే పన్నెండు జవాబులు వస్తాయి. కొత్త ఎన్‌పీసీ (డీఎం నడిపే పాత్ర) కావలసినప్పుడల్లా మొదట ఆ పన్నెండింటిలో వెతకండి. ముక్కూమొహం తెలియని వడ్డీవ్యాపారి బెదిరిస్తే ఆటగాళ్లు నవ్వేస్తారు. తమ పాత్ర బాకీపడ్డ వడ్డీవ్యాపారే బెదిరిస్తే వెన్ను నిటారుగా పెట్టి వింటారు.

రెండో అడుగు: నిజాన్ని ముందు రాసుకోవడం

సగం కాగితం చాలు. ఎవరు, ఎవరిని, ఎందుకు, ఎప్పుడు, తర్వాత ఏం దాచారు. అంతకు మించి రాస్తే ఆట మధ్యలో మీరే వెతుక్కోవాల్సి వస్తుంది. ఈ వ్యాసమంతా వాడుకునే కేసు ఇది:

సైర్ నుంచి వచ్చిన ఒక మెకానిక్ హై వాల్స్ శరణార్థుల పేటలో చెల్లెలితో ఉంటున్నాడు. యుద్ధకాలంలో కానిత్ కుటుంబపు కర్మాగారంలో వార్‌ఫోర్జ్డ్ సైనికులను, అంటే యుద్ధం కోసం పుట్టించిన ప్రాణమున్న మరమనుషులను, తయారుచేసినవాడు. అలాంటి కొలిములను మూసేయాలని థ్రోన్‌హోల్డ్ సంధి చెప్పింది. కానీ కాగ్స్‌లో కూలిపనికి వెళ్లినప్పుడు ఒకటి రహస్యంగా నడుస్తోందని అతను గుర్తుపట్టాడు. దాని నక్షా గీశాడు. చెల్లెలి ప్రయాణ కాగితాలకు డబ్బు కోసం ఆ కబురును బోరోమార్ ముఠాకి చెందిన వడ్డీవ్యాపారికి అమ్మబోయాడు. వ్యాపారి దాన్ని కానిత్ అధికారికి ఎక్కువ ధరకి అమ్ముకున్నాడు. అధికారి షార్న్ వాచ్ (నగర పోలీసు) కెప్టెన్‌ని "కాస్త బెదిరించండి" అన్నాడు. కెప్టెన్ మనుషుల చేతిలో మెకానిక్ ప్రాణం పోయింది. శవాన్ని తెచ్చి లోయర్ డూరాలో ఒక వంతెన కింద పడేశారు. పైనుంచి పడి చచ్చినవాళ్లు అక్కడ కొత్త కాదు, ఎవరూ అడగరు. నక్షా ఇంకా చెల్లెలి దగ్గరే ఉంది. కొలిమి గదిలో అప్పుడే ప్రాణం పోసుకున్న ముప్ఫైమంది వార్‌ఫోర్జ్డ్ ఉన్నారు.

ఇందులో పూర్తి దుర్మార్గుడు ఒక్కడూ లేడని గమనించండి. అధికారి చంపమనలేదు, కెప్టెన్ చంపాలనుకోలేదు, వ్యాపారి కబురు మాత్రమే అమ్మాడు. పాపం ఇలా నలుగురి మధ్య పంచుకుపోతేనే చివరి బేరం బరువెక్కుతుంది. లోకాన్ని ముంచేద్దామనుకునే మాంత్రికుడిని పెడితే ఆటగాళ్లు సందేహం లేకుండా చంపేసి ఇంటికెళ్తారు.

ఒకసారి రాసిన నిజాన్ని మధ్యలో మార్చవద్దు. ఆటగాళ్ల ఊహ మీ కథకన్నా బాగుందనిపించినప్పుడు చేతులు దురదపెడతాయి. మార్చిన క్షణం నుంచి అంతకుముందు ఇచ్చిన క్లూలన్నీ అబద్ధాలవుతాయి, జాగ్రత్తగా నోట్సు రాసుకున్న ఆటగాడే అందరికన్నా ఎక్కువ నష్టపోతాడు. ఇంకా తెరమీదికి రాని భాగాన్ని మాత్రం ఎంతైనా మార్చుకోవచ్చు.

మూడో అడుగు: మూడు శక్తులు, నాలుగో నీడ

షార్న్‌లో ముఠాలూ కుటుంబాలూ లెక్కలేనన్ని ఉన్నాయి. బోరోమార్, వాళ్ల స్థానం కోసం కాచుకున్న దాస్క్, ముఖాలు మార్చే టైరంట్స్, వికృత గుర్తులు మోసే టార్కనాన్, ఇవికాక కానిత్ లాంటి డ్రాగన్‌మార్క్డ్ (వంశపారంపర్యంగా మాయాగుర్తులు వచ్చే) కుటుంబాలు. అన్నిటినీ ఒకే కేసులోకి లాగితే ఆటగాళ్లకు పేర్లే గుర్తుండవు. ఒక కేసుకి మూడు చాలు. ఇక్కడ కానిత్, బోరోమార్, వాచ్. నాలుగోది నీడలో ఉంటుంది: బ్రెలాండ్ రాజు గూఢచారులు, కింగ్స్ డార్క్ ల్యాంటర్న్స్.

ప్రతి శక్తికీ మూడు వాక్యాలు రాసుకోండి: ఇవాళ దానికి ఏం కావాలి, దేనికి భయపడుతుంది, ఆటగాళ్లకు ఏం ఇవ్వగలదు. మూడోది మరిచిపోయేవాళ్లు ఎక్కువ. ఇవ్వడానికేమీ లేని శక్తి ఉత్త శత్రువు. బోరోమార్ వ్యాపారి అప్పు మాఫీ చేయగలడు. వాచ్ కెప్టెన్ పాత కేసు ఫైలు మాయం చేయగలడు. ల్యాంటర్న్స్ ఆ చెల్లెలికి ఒక్క రాత్రిలో కాగితాలు పుట్టించగలరు. ప్రలోభం ఉన్నచోటే నోయర్ పుడుతుంది.

నాలుగో అడుగు: క్లూలు

ఆటగాళ్లు తప్పనిసరిగా తెలుసుకోవలసిన సంగతులు మొదట రాసుకోండి. ఈ కేసులో మూడే: అతను పడి చావలేదు. కాగ్స్‌లో కొలిమి నడుస్తోంది. కెప్టెన్‌కి కానిత్ డబ్బు అందింది. ఒక్కో సంగతికి కనీసం మూడు క్లూలు, మూడు వేర్వేరు చోట్ల పెట్టండి. ఒకటి ఆటగాళ్లు చూడనే చూడరు, ఒకటి చూసి తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది పనిచేస్తుంది. మూడూ ఒకే గదిలో పెడితే మూడున్నా ఒకటే కింద లెక్క, ఆ గదికి వాళ్లు వెళ్లకపోతే అన్నీ పోయినట్టే.

మొదటి సంగతికి ఇలా పెట్టవచ్చు. శవం జేబులో ఈక బొమ్మ చెక్కిన చిన్న లోహపు బిళ్ల ఉంది. షార్న్‌లో ఎత్తున తిరిగేవాళ్లు దగ్గర పెట్టుకునే ఫెదర్ టోకెన్ అది. 20 అడుగులో అంతకన్నా ఎక్కువో పడితే దానంతట అదే పనిచేసి మనిషిని మెల్లగా దింపుతుంది, దిగాక మహిమ పోయి ఉత్త లోహమవుతుంది. ఈ బిళ్లలో మహిమ ఇంకా ఉంది. మహిమను పసిగట్టే డిటెక్ట్ మ్యాజిక్ మంత్రం ఉన్న ఎవరికైనా తెలిసిపోతుంది, లేకపోతే వీధి చివర టోకెన్లు అమ్మే ముసలమ్మ చేతిలో పెట్టినా చెబుతుంది. పడనేలేదన్నమాట. రెండో క్లూ, బూట్లకి అంటుకున్న కొలిమి మసి. డూరాలో అలాంటిది దొరకదు. మూడోది, తెల్లవారుజామున ఇద్దరు వాచ్‌మెన్ చేతిబండి తోసుకుపోవడం చూసిన పాలమనిషి.

ఈ మూడింటిలో దేనికీ రోల్ అడగకండి. సరైన చోట చూసినవాడికి, సరైన మనిషిని అడిగినవాడికి క్లూ దొరకాల్సిందే. డైస్ దేనికంటే ఖర్చు తేల్చడానికి. శవాగారంలో ఇన్వెస్టిగేషన్ చెక్ (వెతుకులాట రోల్) డీసీ 13 (నెగ్గడానికి రావలసిన అంకె) పెట్టారనుకోండి. నెగ్గితే టోకెన్ దొరుకుతుంది, చడీచప్పుడు లేకుండా బయటపడతారు. ఓడినా టోకెన్ దొరుకుతుంది, కానీ కాపలావాడు వాళ్ల ముఖాలు చూస్తాడు, ఆ సాయంత్రానికి కెప్టెన్‌కి కబురు వెళుతుంది. "ఏమీ దొరకలేదు" అన్న జవాబు ఆటను ఆపేస్తుంది. "దొరికింది, కానీ" అన్న జవాబు తర్వాతి సీనుకి తలుపు తీస్తుంది.

దారి తప్పించే దొంగ క్లూలు కావాలని పెట్టవలసిన పనే లేదు. ఆటగాళ్లు తమంతట తామే కావలసినన్ని తయారుచేసుకుంటారు. పాలమనిషి తడబడితే అతనే హంతకుడని అరగంట వాదించుకుంటారు. అలాంటప్పుడు పది నిమిషాలు వదిలేసి, తర్వాత ఇంకో క్లూను వాళ్ల తలుపు దగ్గరికే పంపండి. చెల్లెలు పరిగెత్తుకొస్తుంది, లేదా షార్న్ ఇంక్విజిటివ్ పత్రికలో "ప్రమాదవశాత్తూ మరణం" అని వార్త పడుతుంది, శవం దొరికిందని చెప్పిన సమయం మాత్రం తప్పు.

ఐదో అడుగు: మంత్రాలను నిషేధించకుండా బతకడం

ఫాంటసీలో డిటెక్టివ్ కథ నడవదనేవాళ్లు మొదట చూపించేది ఈ మూడు మంత్రాలనే. నిషేధిస్తే ఆ మంత్రం నేర్చుకున్న ఆటగాడిని శిక్షించినట్టవుతుంది. నిబంధనను వరసగా చదివి, నేరాన్ని దానికి తట్టుకునేలా అల్లుకోవడమే దారి.

స్పీక్ విత్ డెడ్ శవాన్ని మాట్లాడించే మూడో లెవెల్ మంత్రం. ఐదు ప్రశ్నలు. శవానికి నోరుండాలి. గత పది రోజుల్లో ఇదే మంత్రం దానిమీద పడి ఉంటే పనిచేయదు. బతికుండగా తెలిసిందే చెబుతుంది, అదీ క్లుప్తంగా, ఒక్కోసారి పొడుపుకథలా. అడిగినవాడిని శత్రువనుకుంటే నిజం చెప్పాలన్న కట్టడి లేదు. మన మెకానిక్‌ని వెనకనుంచి కొట్టారు, కాబట్టి ఎవరు కొట్టారో అతనికి తెలియదు. కబురు ఎవరికి అమ్మాడో తెలుసు, చెబుతాడు. నక్షా ఎక్కడుందని అడిగితే మాత్రం చెల్లెలిని కాపాడుకోవడానికి అబద్ధమాడవచ్చు. పది రోజులదాకా ఇంకెవరూ అడగలేకుండా కెప్టెన్ ముందే తన మాంత్రికుడిచేత ఒకసారి మంత్రం వేయించి ఉంటే, ఆ విషయం బయటపడటమే మంచి క్లూ: ప్రమాదంలో చచ్చినవాడిని వాచ్ ఎందుకు ప్రశ్నించింది?

జోన్ ఆఫ్ ట్రూత్ రెండో లెవెల్. 15 అడుగుల వ్యాసార్ధం, పది నిమిషాలు, కరిస్మా సేవ్ (మంత్రాన్ని తట్టుకోవడానికి వేసే రోల్). సేవ్ నెగ్గిందో లేదో మంత్రం వేసినవాడికి తెలుస్తుంది. అబద్ధం చెప్పలేరు, నోరు మూసుకోవచ్చు, డొంకతిరుగుడుగా మాట్లాడవచ్చు. ఇక్కడ మన కేసు ఎలా నిలబడుతుందో చూడండి. అధికారి ధైర్యంగా లోపలికొచ్చి "అతన్ని చంపమని నేను ఎవరికీ చెప్పలేదు" అంటాడు. అది నిజమే. ఆటగాళ్లు ప్రశ్న మార్చి అడగడం నేర్చుకోవాలి, ఆ నేర్చుకోవడమే సరదా.

డిటెక్ట్ థాట్స్ పైపై ఆలోచనలు చూపిస్తుంది. లోతుకి వెళ్లబోతే విజ్డమ్ సేవ్ ఉంది, తన మనసులోకి ఎవరో తొంగిచూస్తున్నారని ఎదుటివాడికి తెలిసిపోతుంది. మంత్రం చదవడం, చేతులు తిప్పడం కూడా అందరికీ కనబడతాయి. ధనికుల పేట స్కైవేలో విందు మధ్య అలా చేయడం భోజనాల బల్ల మీద బాకు పెట్టడంతో సమానమని ఆటగాళ్లకు ముందే చెప్పండి. చేశాక చెబితే గొడవవుతుంది.

చనిపోయినవాడిని బతికించడమూ ఈ కథలో భాగమే. రెయిజ్ డెడ్‌కి 500 గోల్డ్ విలువైన వజ్రం కావాలి, పది రోజుల్లోపే జరగాలి, ఆత్మ ఒప్పుకోవాలి. పై గోపురాల్లో ఉండేవాడికి ఈ దారి ఉంది, హై వాల్స్ శరణార్థికి లేదు. ఆ వజ్రం ఖరీదు చెల్లెలి నోట ఒక్కసారి పలికించండి, లోకం ఎలాంటిదో అర్థమైపోతుంది. ఆటగాళ్లే ఎలాగో వజ్రం సంపాదిస్తే? బతికించనివ్వండి. లేచిన మెకానిక్ హంతకులను పట్టించడం కన్నా ఊరు విడిచి పారిపోవడమే కోరుకుంటాడు.

చేంజ్‌లింగ్ (ముఖం మార్చుకోగల జాతి మనిషి) వేషం విషయంలో ఒక్క జాగ్రత్త. "నేను చూసింది కెప్టెన్‌నే" అని సాక్షి నిజాయితీగా చెప్పినా, చూసింది ముఖాన్ని మాత్రమే కావచ్చు. గొప్ప మలుపే, కానీ క్యాంపెయిన్ (సెషన్ల తరబడి సాగే మొత్తం కథ) అంతటికీ ఒక్కసారే వాడండి. రెండోసారి వాడితే ఆటగాళ్లు ఏ సాక్ష్యాన్నీ నమ్మరు, అక్కడితో విచారణ అన్నదే ఉండదు.

ఆరో అడుగు: మనుషుల మాట

"వాడు అబద్ధమాడుతున్నాడా?" అని ఇన్‌సైట్ (ఎదుటివాడి మనసు పసిగట్టే) రోల్ చేసినప్పుడు అవును, కాదు అని జవాబివ్వకండి. ఏం కనబడిందో చెప్పండి. చావు గురించి అడిగినప్పుడు నిబ్బరంగా ఉన్నాడు, డబ్బు మాట ఎత్తగానే ఉంగరం తిప్పుకున్నాడు. రోల్ ఓడితే తప్పుడు సమాచారం ఇవ్వడం కన్నా "ఇతను చదవడానికి దొరకడం లేదు" అనడం మేలు. ఆటగాడు 3 వేశానని తెలిసి కూడా మీ మాట నమ్మినట్టు నటించడం ఎవరికీ ఆనందమివ్వదు.

తెలుగులో ఆడేవాళ్లకు ఇంగ్లిష్ టేబుళ్లకు లేని ఆస్తి ఒకటుంది. మన సర్వనామాలే క్లూలు. వాచ్ సార్జెంట్ శరణార్థి అమ్మాయిని "నువ్వు" అంటాడు. కానిత్ పేరు వినబడగానే ఎదుటివాడిని "తమరు" అంటాడు. అంతే, అతని జీతం ఎక్కడినుంచి వస్తోందో తెలిసిపోయింది. మెకానిక్‌ని ఎప్పుడూ కలవలేదన్న వడ్డీవ్యాపారి కాసేపటికి "వాడికి మొండితనం ఎక్కువ" అంటాడు. ముక్కూమొహం తెలియనివాణ్ణి అంత చనువుగా, స్వభావం ఎరిగినట్టు ఎవరంటారు?

వీటన్నిటికన్నా పదునైనది మనం, మేము. ఇన్నాళ్లూ పార్టీ పక్షాన ఉన్న ఎన్‌పీసీ ఎప్పుడూ "మనం కాగ్స్‌కి వెళ్లాలి" అంటూ ఉంటుంది. ద్రోహం జరగబోయే సెషన్‌లో ఒక్కసారి "ఆ రాత్రి మేము అక్కడికి వెళ్లినప్పుడు" అని జారనివ్వండి. వింటున్నవాళ్లను మినహాయించే ఆ "మేము"లో ఇంకెవరున్నారు? చెవి ఉన్న ఆటగాడు అక్కడే పట్టుకుంటాడు. పట్టుకోకపోయినా, నిజం బయటపడ్డాక ఆ వాక్యం గుర్తొచ్చి అందరూ ఉలిక్కిపడతారు. ఇది పనిచేయాలంటే మిగతా సమయమంతా మీరు ఆ పదాలను జాగ్రత్తగా వాడి ఉండాలి. ఎన్‌పీసీ కార్డు మూల "పార్టీని: మీరు, కెప్టెన్‌ని: ఆయన, చనిపోయినవాణ్ణి: వాడు" అని రాసుకుంటే తప్పు దొర్లదు.

ఒక్కో ఎన్‌పీసీకి ఒక కోరిక, ఒక అబద్ధం, ఒక అలవాటు చాలు. గొంతులు మార్చి మాట్లాడటం రాకపోయినా ఏం పోదు.

ఏడో అడుగు: పరుగు పెట్టించడం

నాలుగు గంటల సెషన్‌లో ఐదారు సీన్లు పడతాయి. కనీసం రెండింటిలో ఎవరో పరిగెత్తాలి, దూకాలి, వేలాడాలి. మొదటి సెషన్‌ను హోటల్లో పని అప్పగించే సీనుతో మొదలుపెట్టకండి. శవం పక్కనే మొదలుపెట్టండి, వాచ్ ఈలలు వినబడుతుండగా.

షార్న్‌లో పోరాటమంటే వంతెన మీదే. కానీ కొత్త డీఎంలు ఇక్కడే ఆట పాడుచేసుకుంటారు. పడితే పది అడుగులకి 1డీ6 (ఆరు ముఖాల పాచిక ఒకటి) దెబ్బ, గరిష్ఠం 20డీ6. మైలు ఎత్తున పోరు పెడితే ఒక్క తోపుతో పాత్ర పోతుంది. ఆ సంగతి తెలిసిన ఆటగాళ్లు అంచుకి దగ్గరగా అడుగే వేయరు, ఇక షార్న్‌లో ఆడి ఏం లాభం? అందుకే వంతెన కింద ఇంకో వంతెన పెట్టండి. ఒకటి రెండు లెవెళ్ల పాత్రలకు 20 అడుగుల కింద, సగటున 7 దెబ్బ. ఐదో లెవెల్‌కి 40 నుంచి 60 అడుగులు, సగటున 14 నుంచి 21. పడ్డవాడు బతుకుతాడు, వేరే అంతస్తులో ఒంటరిగా లేస్తాడు, అక్కడినుంచి కొత్త సీను పుడుతుంది.

సాహసం చేసినవాడికి ప్రతిఫలం కనబడాలి. 2014 డంజన్ మాస్టర్ గైడ్‌లో హీరో పాయింట్ల ఐచ్ఛిక నిబంధన ఉంది: లెవెల్‌లో సగానికి ఐదు కలిపినన్ని పాయింట్లు, ఒకటి ఖర్చుపెడితే డీ20 (ఇరవై ముఖాల పాచిక) రోల్‌కి 1డీ6 కలుస్తుంది. 2004 నాటి ఎబెరాన్‌లో యాక్షన్ పాయింట్ల పేరుతో ఇలాంటి ఏర్పాటే ఉండేది. కదిలే లైట్నింగ్ రైలు బోగీల మధ్య దూకడానికి ఆటగాడు వెనకాడుతుంటే ఆ 1డీ6 ముందుకు తోస్తుంది.

వెంబడించడం, నిఘా పెట్టడం వల్ల పార్టీ తరచూ విడిపోతుంది. విడిపోనివ్వండి. ఒక్కో గుంపు దగ్గర ఏడెనిమిది నిమిషాలకు మించి ఉండకండి, తలుపు తెరుచుకుంటున్న చోట కోసి రెండో గుంపుకి వెళ్లండి.

ఎనిమిదో అడుగు: ఆగని గడియారం

ఆటగాళ్లు ఏమీ చేయకపోతే ఏం జరుగుతుంది? కాగితం మీద ఒక వృత్తం గీసి ఆరు ముక్కలు చేయండి. ఈ కేసుకి: కెప్టెన్ పాలమనిషిని పట్టుకెళ్తాడు. హై వాల్స్‌లో సోదాలు మొదలవుతాయి. చెల్లెలు మాయమవుతుంది. వడ్డీవ్యాపారి శవమై తేలుతాడు. కొలిమి సామాను గాలిఓడకి ఎక్కుతుంది. ముప్ఫైమంది వార్‌ఫోర్జ్డ్ ఊరు దాటిపోతారు. ఒక రాత్రి విశ్రాంతి తీసుకుంటే ఒక ముక్క నింపండి, గట్టిగా అల్లరిచేసినా ఒక ముక్క. వృత్తాన్ని టేబుల్ మధ్యలో అందరికీ కనబడేలా పెట్టండి. ఏ ముక్కలో ఏముందో చెప్పక్కర్లేదు. దాచిపెట్టిన గడియారం ఎవరినీ తొందరపెట్టదు.

తొమ్మిదో అడుగు: చివరి బేరం

కేసు నాలుగు నుంచి ఆరు సెషన్లలో తేలిపోవాలి. అంతకు మించితే మొదటి క్లూలు మరిచిపోతారు. ప్రతి సెషన్ మొదట్లో ఐదు నిమిషాలు ఆటగాళ్లచేతే ఇంతవరకు తెలిసింది చెప్పించండి. మీరు చెప్పవద్దు. వాళ్ల మాటల్లోనే ఎక్కడ తప్పు దారి పట్టారో మీకు తెలుస్తుంది.

చివరికి నక్షా ఆటగాళ్ల చేతికి వస్తుంది. అప్పుడు ముగ్గురు వస్తారు. ల్యాంటర్న్స్ మనిషి నక్షా ఇమ్మంటాడు, బదులుగా చెల్లెలికి కాగితాలు, కెప్టెన్‌కి ఉరి. కొలిమి మాత్రం ఆగదు, బ్రెలాండ్ చేతిలోకి మారుతుందంతే. పత్రిక మనిషి అచ్చువేస్తానంటాడు. అచ్చయితే సంధి మంటల్లో పడుతుంది, ముప్ఫైమంది వార్‌ఫోర్జ్డ్‌ను సాక్ష్యంగా చూస్తారో మనుషులుగా చూస్తారో ఎవరూ హామీ ఇవ్వలేరు. కానిత్ అధికారి డబ్బు ఇస్తానంటాడు, ఎంత అంటే అంత. ఈ మూడూ ఆటగాళ్లకు నచ్చకపోతే నాలుగో దారి వాళ్లే వెతుకుతారు, చాలాసార్లు కొలిమిలోకి చొరబడి ఆ ముప్ఫైమందిని బయటికి తేవాలనుకుంటారు. ఆ ప్రయత్నం నెగ్గే అవకాశం నిజంగా ఉండాలి. ఏం చేసినా ఓటమే రాసిపెట్టి ఉంటే అది నోయర్ అనిపించుకోదు, ఆటగాళ్లు మళ్లీ ఏ కేసునీ పట్టించుకోరు. ఒక్క మనిషినైనా కాపాడే వీలు ప్రతి దారిలోనూ ఉంచండి, ఆ మనిషి ఎవరన్నది వాళ్లు ఎంచుకోవాలి.

బేరం తేలాక ఆ రాత్రే పదిహేను నిమిషాలు కూర్చుని మూడు శక్తుల వాక్యాలను తిరగరాయండి. ఎవరికి పదోన్నతి వచ్చింది, ఎవరు ఆటగాళ్లకు బాకీ పడ్డారు, ఎవరు వాళ్ల పేరు గుర్తుపెట్టుకున్నారు. కెప్టెన్ ఉరి తప్పించుకుని ఉంటే తర్వాతి కేసు మొదటి సీనులో శవం పక్కన నిలబడి ఈల వేసేది అతనే, ఈసారి భుజం మీద ఇంకో పట్టీతో.